తువ్వాలు కప్పిన పెట్టె

అత్తయ్యా,

కునుకు తీస్తున్నారని లేపలేదు. భోజనాల బల్ల మీదున్న పెట్టెని కదపకండి. దాన్నుంచి ఇంటర్నెట్ రూటర్‌కి వెళ్లే నీలం కేబుల్ కూడా పీకకండి. పచ్చ లైటు మిణుకుమంటోందంటే అది నాతో మాట్లాడుతున్నట్టే. లైటు ఆగిపోతే కేబుల్ కొసని టిక్కుమనేదాకా లోపలికి నొక్కండి, చాలు. రేపు ఆసుపత్రిలో పిల్లల వార్డు ఏసీలన్నీ దాని చెప్పుచేతల్లోనే నడవాలి. అందుకే ముందు మనింట్లో పెట్టి చూస్తున్నాను.

దాని మీద మళ్లీ తువ్వాలు కప్పకండి. దుమ్ము పడుతుందని మీ బాధ, ఉక్కకి మాడిపోతుందని నా బాధ.

ఇంకో మాట. మీ గది గోడకి నేను తగిలించిన తెల్ల బిళ్ల, గదిలో ఎంత వేడిగా ఉందో పెట్టెకి చెబుతుంది. పెట్టె ఆఫీసులో ఉన్న నాకు చెబుతుంది. నేను గుమ్మం దాటగానే మీరు ఏసీ ఆపేస్తున్నారు, సాయంత్రం నేనొచ్చే ముందు వేస్తున్నారు. పైగా "హాయిగా పడుకున్నానమ్మా" అంటున్నారు. నేనూ నమ్మేశాను. ఆ రోజు కరెంటు బిల్లు చూసి మీ అబ్బాయి సణిగారు, అందుకే కదూ? ఆయన సంగతి నేను చూసుకుంటాను. మీరు ఏసీ వేసుకోండి.

మర్చిపోయాను, మీ గదిలో బిళ్ల తీసి వంటింట్లో తగిలించాను. ఉక్కపోస్తోందని చెప్పడానికి మీరుండగా, ఆ మాట నాకు పెట్టె చెప్పాలా అత్తయ్యా?