తాగని మనిషి లివర్

నాన్నా,

ఈరోజు మా ల్యాబ్‌లో లడ్డూలు పంచుకున్నాం. మందు ముట్టనివాళ్ళ లివర్ ఎందుకు పాడవుతుందో తెలుసుకోవడానికి ఇన్నాళ్ళూ జన్యువులను, ప్రొటీన్లను, కొవ్వులను విడివిడిగా చూశాం. మూడూ కలిపి చూసేసరికి, కొందరికి పుట్టుకతోనే వచ్చిన ఓ చిన్న మార్పు లివర్‌లో కొవ్వును ఎలా పోగుచేస్తుందో తేటగా కనిపించింది.

ఇందిరాపురం ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

"మీ నాన్నదీ ఇదేనా?"

"అయ్యుండొచ్చమ్మా. ఆయన రక్తం చూడకుండా గట్టిగా చెప్పలేను."

అమ్మకు అది చాలు. 'మిలిటరీవాడు కదా, తాగే పోయాడు' అని చుట్టాలందరికీ చెప్పిన పెదనాన్నకు వెంటనే ఫోన్ చేసి, స్పీకర్ పెట్టింది.

"బావగారూ, తాగకపోయినా లివర్ పోతుందట. మీ తమ్ముడి క్యాంటీన్ రమ్మంతా మీ ఇంటికే వచ్చేదిగా, మీ లివర్ బానే ఉందా?"

పెదనాన్న గొంతు తగ్గించాడు. "వాడు సీసా మూత కూడా తీసి ఎరగడులే అమ్మా."

అమ్మ నాకు కన్నుగీటింది. "వినపడలేదు బావగారూ, మళ్ళీ చెప్పండి."