తాతయ్య బి.పి. కాగితం

చిన్నారికి అమ్మమ్మ దీవెనలు.

మీ అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మీ నాన్న దగ్గు నెమ్మదించిందా? తమ్ముడి పన్ను పీకించారా, ఇంకా ఏడుస్తున్నాడా? నీ కళ్ళ మంటలు తగ్గాయా? ఆ కంప్యూటరు ముందు అంతసేపు కూర్చోకే తల్లీ.

నువ్వు అమర్చి వెళ్ళిన బి.పి. మిషను రోజూ కాగితం ఇస్తోంది. పైనుంచి కిందికి చదివాను. తాతయ్యకి తగ్గుతోంది. తగ్గి తగ్గి అసలే లేకుండా పోతే? నాకు కాలు నిలవడం లేదు. కూరలో ఉప్పు పెంచాను.

మీ అమ్మమ్మ

తా.క. ఆయన ఒక్కరే తినలేకపోతున్నారని తోడుగా నేనూ తింటున్నాను.

---

అమ్మమ్మకు నమస్కారాలు.

ఉప్పు వెంటనే ఆపెయ్. ఆ మిషను కొత్త అంకెను ఫైలు చివర అతికిస్తుంది. పాతవన్నీ తిరగరాస్తూ కూర్చోదు, అందుకే పని క్షణంలో అయిపోతుంది. కాగితం ఇచ్చేటప్పుడు మాత్రం చివరి నుంచి వెనక్కి చదువుతుంది. పైనున్నది ఇవాళ్టిది, అడుగున ఉన్నది పాతది. తాతయ్యకి పెరుగుతోంది. విశ్రాంతి ఇవ్వు.

నీ చిన్నారి

తా.క. భయపడకు.

---

చిన్నారికి,

భయపడకు అని అడుగున రాశావు. అడుగుది పాతదన్నావు కదా. అంటే ముందు భయం లేదనుకుని, తర్వాత మనసు మార్చుకున్నావన్నమాట.

తాతయ్యని మంచం దిగనివ్వడం లేదు. కొట్టు తాళాలు దాచేశాను. బాగుచెయ్యమని గడియారాలిచ్చిన వాళ్ళు ఇంటికొచ్చి తలుపు కొడుతున్నారు. ఆయన గోడకేసి తిరిగి పడుకుని నాతో మాట్లాడటం మానేశారు. ఇంత చేసినా అంకె ఎక్కుతూనే ఉంది.

మీ అమ్మమ్మ

తా.క. పట్టీ బిగిసి ఆయనకి నొప్పి పుడుతుందేమోనని ముందు నా చేతికి కట్టి చూస్తాను. అంకె చూపించి మిషను ఆరిపోతుంది. ఇక ఆయనకి కట్టే పనే ఉండదు.

---

అమ్మమ్మా,

ఆ అంకెలన్నీ నీవి. తాతయ్యకి తాళాలిచ్చెయ్. రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళు. నేనెప్పుడు రావాలో రాయి.

చిన్నారి

---

చిన్నారికి,

తాళాలిచ్చాను. చెప్పులు కూడా వేసుకోకుండా కొట్టుకి పోయారు. డాక్టరు నాకు మాత్రలిచ్చి కంగారు తగ్గించుకోమన్నాడు. తగ్గించుకునేదాన్నే. కానీ అంకెలన్నీ నావైతే, ఇన్నాళ్ళూ ఆయనకి ఎవరూ చూడనట్టేగా? పట్టీ పట్టుకుని కొట్టుకి పరిగెత్తాను. ఆయన గడియారం మీంచి తలెత్తలేదు.

"ముందు చెయ్యి కడతావు, తర్వాత మంచానికి కడతావు. నీ సంగతి నాకు తెలీదూ?" అన్నారు.

నా మాట వినరు. నువ్వొచ్చి కట్టు.

మీ అమ్మమ్మ

తా.క. పన్నెండో తేదీ, ఆదివారం. పదకొండునే వచ్చినా తలుపు తీసే ఉంచుతాను.