మాట రాని పెట్టె

యూసుఫ్‌గూడ,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కా,

విజయనగరంలో నువ్వూ, బావా, బుజ్జిదీ కులాసా అని తలుస్తాను. ఇక్కడ నేను కులాసాగానే ఉన్నాను. నీకు నా మీద కోపం ఇంకా తగ్గలేదని బావ ఫోనులో చెప్పాడు. ఇన్నాళ్లపాటు కోపాన్ని అంత ఓపిగ్గా పట్టుకున్నావంటే ఒంట్లో బాగానే ఉన్నట్టు లెక్క, సంతోషం. నా ఫోను ఎత్తవు. మెసేజీ పెడితే చూసి ఊరుకుంటావు. ఉత్తరాన్ని మాత్రం చదవకుండా పారెయ్యవని నాకు తెలుసు, అందుకే కాగితం, పెన్ను పట్టుకున్నాను. చేతిరాత పాడైపోయింది, సర్దుకో.

మీ స్కూల్లో నాకోసం మాట్లాడి పెట్టిన సంగీతం మాస్టారి ఉద్యోగం కాదని వచ్చేశాననే కదా నీ కోపం. "ఎల్లు. నీ కాళ్ల మీద నువ్వు నిలబడేంతవరకూ నాతో మాటాడకు" అన్నావు స్టేషనులో. బుజ్జిది నీ కొంగు పట్టుకుని మనిద్దరినీ మార్చి మార్చి చూసింది. నిలబడ్డానో లేదో చెప్పడానికే ఈ ఉత్తరం. మధ్యలో ఆపకుండా చివరిదాకా చదువు.

ముందు తిండి సంగతి, నువ్వు అడక్కపోయినా. గది మేడ మీద, కింద ఇంటివాళ్లు. ఇంటావిడని ఆంటీ అంటాను. వారంలో రెండు మూడుసార్లు జొన్నరొట్టె, పచ్చిపులుసు పైకి పంపుతుంది. మొదట్లో రొట్టె నమల్లేక దవడలు నొప్పెట్టాయి, ఇప్పుడు లేకపోతేనే వెలితిగా ఉంది. వానలు బాగానే పడుతున్నాయి. బట్టలు ఆరవు, అంతే, ఇంకే ఇబ్బందీ లేదు. పొద్దున్నే కృష్ణానగర్ దాటుతుంటే షూటింగుకి పోయేవాళ్లు వ్యాన్ల కోసం రోడ్డు మీదే నిలబడి ఉంటారు. ఒకరోజు అరడజను మంది పోలీసులు బండి దగ్గర ఇడ్లీలు తింటుంటే భయపడి పక్కకి తప్పుకున్నాను. తీరా చూస్తే అందులో ఒకాయన భుజం మీద నక్షత్రం ఊడిపోతే దారంతో కుట్టుకుంటున్నాడు. అందరూ సినిమా పోలీసులే.

సాయంత్రాలు మాత్రం ఒంటరిగా ఉంటుంది, అది దాచను. జూబ్లీహిల్స్‌లో పెద్ద పెద్ద గోడల పక్కనుంచి దిగి వస్తుంటే ఏ ఇంట్లోంచీ ఒక్క మాట వినపడదు. మన వీధిలో అయితే ఏ ఇంట్లో ఏం కూరో కూడా వినబడేది.

పని ఫిల్మ్‌నగర్‌లో, సార్ దగ్గర. చిన్న సినిమాలకి సంగీతం చేస్తారాయన. నేను ఆయన చెప్పిన వాద్యాలు కీబోర్డు మీద వాయించి పెడతాను. ఆ మధ్య ఒకరోజు పిలిచి, "రవణా, నీ ఇంట్లో సిస్టమ్ ఉందా? ఉంటే ఈ సినిమాలో రెండు రీళ్ల బ్యాక్‌గ్రౌండ్ నువ్వు ట్రై చెయ్. ఇక్కడ సీటు నాకే చాలట్లేదు. వచ్చే శుక్రవారం వినిపించు. బాగుంటే సెకండాఫ్ అంతా నీదే. లేదంటే వేరేవాళ్లకి ఇచ్చేస్తాను, ఏమనుకోకు" అన్నారు. ఉందని అబద్ధం చెప్పలేదు అక్కా. "ఉంటుంది సార్" అన్నాను.

చిక్కేమిటంటే, సార్ వాడే సాఫ్ట్‌వేర్ ఒకే ఒక్క కంపెనీ కంప్యూటర్లలో నడుస్తుంది. వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ల పెట్టెల్లో తప్ప ఇంకెక్కడా వాడకూడదంటారు. ఆ పెట్టె ధర వింటే నువ్వు నిజంగానే నాతో మాట్లాడటం మానేస్తావు. నాతోపాటు పనిచేసే నర్సింగ్ అని ఒకడున్నాడు, వాడిది బోరబండ. నా మొహం చూసి, "ఫికర్ చెయ్యకు తమ్మీ. సామాను మనమే కొని, మనమే జోడించి, గా సిస్టమ్‌నే అండ్ల ఎక్కిద్దాం. కానీ జర చూసుకొని కొనాలె. ఒక్క పార్టు తేడా పడ్డా లేవది" అన్నాడు.

"ఆ కంపెనీ ఒప్పుకుంటుందా?" అన్నాను.

"ఎందుకు ఒప్పుకుంటది? ఖరాబైతే ఎవర్ని అడగనీకి లేదు. పైసలొచ్చినంక అసలుది కొనుక్కుందువు తియ్."

ఇద్దరం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను అమ్మే సందుకి పోయాం. చీర చేతిలో పట్టుకుని జాకెట్టు గుడ్డ కోసం నువ్వు నాలుగు షాపులు తిరుగుతుంటే నేను విసుక్కునేవాణ్ని కదా, ఆ ఉసురు ఇక్కడ తగిలింది. ప్రాసెసర్ కొత్తదైతే పనికిరాదు. ఆ కంపెనీ ఒకప్పుడు తన పెట్టెల్లో పెట్టుకున్న తరానిదే కావాలి. మదర్‌బోర్డు దానికి నప్పాలి. తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ కార్డు ఒక కంపెనీదైతే అసలు గుర్తే పట్టదు, రెండో కంపెనీదైతే పడుతుంది, అదీ కొన్నిటినే. షాపతను, "అందరు కొత్త మాల్ అడుగుతరు. మీరేంది సార్, పాతదే కావాలంటున్నరు?" అని నవ్వి, మేం అడిగిన కార్డు ధరకే దానికంటే పెద్దది ఇస్తానన్నాడు. నా చెయ్యి జేబులోకి పోయింది. నర్సింగ్ నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

"గీ కార్డుల ఇంట్ల ముగ్గురు అన్నదమ్ములు. పెద్దోడు పనిచేస్తడు, చిన్నోడు పనిచేస్తడు. గీయన ఇస్తనంటున్న నడిమోడే చెయ్యడు."

ఎందుకు చెయ్యడంటే, ఆ కంపెనీ వాణ్ని ఎన్నడూ తన పెట్టెలో పెట్టుకోలేదట, అందుకని ముఖం తెలీదట. చిన్నవాణ్నే తెచ్చుకున్నాం. ఇంకో మాట కూడా చెప్పాడు నర్సింగ్. ఈ తరం ప్రాసెసర్లకి ఆ కంపెనీ ఇక ముందు కొత్త సిస్టమ్‌లు ఇవ్వదట, ఇలా కట్టుకోవడం ఇదే ఆఖరు కావచ్చట. అలాంటప్పుడు ఇంత కష్టం ఎందుకని నువ్వడుగుతావు. నాకు కావలసింది ఈ ఒక్క సినిమా అక్కా. ఆ తరవాత సంగతి ఆ తరవాత.

అన్నీ బిగించాక ఆంటీ పైకొచ్చింది. "కొత్త సామాన్ ఇంట్లకొస్తే బొట్టు పెట్టకుండనే షురూ చేస్తవా బిడ్డా?" అని పెట్టెకి కుంకుమ పెట్టి, కొబ్బరికాయ దాని నెత్తిన కొట్టబోయింది. నర్సింగ్ రెండు చేతులూ అడ్డం పెట్టి బతిమాలితే గుమ్మం దగ్గర కొట్టింది. స్విచ్ వేశాం. మొదటిసారి నల్లటి తెర మీద అక్షరాలు పరుగెత్తి ఆగిపోయాయి. నర్సింగ్ ఏవో సరిచేస్తూ పోయాడు, మర్నాటికి అచ్చం సార్ దగ్గరున్నట్టే తెర తెరుచుకుంది. ఇద్దరం గంతులేశాం.

కానీ శబ్దం లేదు. సంగీతం కోసం కొన్న పెట్టె మూగది!

లోపల శబ్దానికో చిప్పు ఉంటుంది. ఏ దారిన పంపాలో దానికి తెలియాలంటే ఒక అంకె ఇవ్వాలి. ఆ చిప్పుకి ఇవ్వదగ్గ అంకెలు చాలా ఉన్నాయి, మన బోర్డుకి ఏది నప్పుతుందో చెప్పేవాళ్లు లేరు. ఒకటి పెట్టాలి, పెట్టె ఆపాలి, మళ్లీ వెయ్యాలి, వినాలి. నర్సింగ్ స్టూడియోకి పోయాడు. నేనొక్కణ్నే కూచున్నాను. పరీక్ష చెయ్యడానికి ఏదో ఒక పాట కావాలి కదా, నాకు వర్ణం నేర్పుతూ నువ్వు నా ఫోనులో రికార్డు చేయించిన పాఠం అందులో వేసుకున్నాను. శ్రుతి మెల్లగా ఉంటుందని, నువ్వు గొంతెత్తే చోటినుంచే పెట్టేవాణ్ని. అంకె మార్చడం, నిన్ను పాడమనడం. నువ్వు పలకవు. మళ్లీ మార్చడం. నువ్వు పలకవు. ఫోను ఎత్తవు సరే, చివరికి ఇందులో కూడా పలకవా అని నిజంగానే ఏడుపొచ్చింది. శుక్రవారం దగ్గరపడుతోంది. మీ స్కూలు ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉందేమో బావని అడుగుదామా అని కూడా అనుకున్నాను. ఈ మాట నీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తున్నాను.

గురువారం మధ్యాహ్నం ఇంకో అంకె పెట్టి, వస్తుందన్న ఆశ లేక, కిటికీ మీద ఆరని లుంగీ తిరగేస్తున్నాను. స్పీకర్ల శబ్దం అంతకుముందు విసుగులో ఆఖరిదాకా పెంచి మర్చిపోయాను.

"ఆపరా! ఏటీ తొందర? ఎనకనించి ఎవరైనా తరుముతున్నారేటి? మళ్లీ మొదట్నించి పట్టు!"

గది అదిరిపోయింది అక్కా. లుంగీ చేతిలోంచి జారి వీధిలో పడింది. నువ్వు మళ్లీ వర్ణం ఎత్తుకున్నావు. నాలుగు నెలల తరవాత నీ గొంతు విన్నాను. నేను నేలమీద కూలబడి ఏడ్చాను, అందులో దాచడానికేముంది.

ఆంటీ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. చేతిలో గరిటె. "ఎవరొచ్చిండ్రు బిడ్డా? ఎవరో అమ్మ గట్టిగ తిడుతున్నది?"

"మా అక్క ఆంటీ."

"అక్క వచ్చిందా? జర ముందుగాల చెప్పొద్దా, చాయ్ పెడుతుంటి గద!" అని తలుపు వెనక కూడా చూసింది. పెట్టెలోంచి అని చెబితే కాసేపు నమ్మలేదు. తరవాత అక్కడే కూచుని పాఠమంతా విన్నది. "మంచిగ పాడుతది. మంచిగ తిడుతది కూడ" అన్నది.

ఆ రాత్రంతా, మర్నాడు పొద్దున్నా కూచుని రెండు రీళ్లూ పూర్తి చేశాను. శుక్రవారం సార్ కళ్లు మూసుకుని విన్నారు. తల్లి నడిచి వచ్చే సీన్లో చెయ్యెత్తి ఆపి, "ఇక్కడ తొందరపడ్డావ్. ఆవిణ్ని కొంచెం నడవనీ" అన్నారు. మా అక్కా ఇదే అంటుంది సార్ అన్నాను. నవ్వి, అది సరిచేసి సెకండాఫ్ మొదలుపెట్టమన్నారు. అంటే పని నాదే అక్కా. అది ఒక్క సినిమానే, చిన్నదే. నిలబడ్డట్టా కాదా అన్నది నువ్వే చెప్పాలి.

నాకేం కొదవ లేదు. బాగానే తింటున్నాను, బాగానే నిద్రపోతున్నాను. వీలైతే బావ చేత కాస్త బెల్లం ఆవకాయ పంపించు, ఆంటీకి కూడా రుచి చూపిస్తానని మాటిచ్చాను. బుజ్జిది సరళీస్వరాలు మొదలుపెట్టిందా? దాన్ని మరీ కసరకు. బావకి, పక్కింటి పెద్దవాళ్లకి నా నమస్కారాలు.

ఆంటీ రోజూ అడుగుతోంది, మీ అక్క ఎప్పుడొస్తదని. పెట్టెలో ఉన్న తిట్లు నాకు కంఠతా వచ్చేశాయి అక్కా, కొత్తవి కావాలి. సాయంత్రం ఆరు దాటాక గదిలోనే ఉంటాను. ఒక్కసారి ఫోను చెయ్యి. పాట అక్కర్లేదు.

నువ్వు తిట్టినా దీవెన కిందే జమకట్టుకునే తమ్ముడు,
రవణ