ఏ సీసాలో ఏముందో

అక్కకు,

నమస్కరిస్తూ నీ చెల్లెలు రాస్తున్న సంగతులు. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలో చదివి కుదుటపడ్డాను.

నా పోయిన ఉత్తరం కోడి కెలికినట్టుందని, ఎవరిచేత రాయించావని అడిగావు. నేనే రాశాను, ఎడమ చేత్తో. ఇదీ అంతే. ఆ ఆకుపసరు పని ఎంతదాకా వచ్చింది, ఎలుకల్ని ఇంకా కోస్తున్నావా అని కూడా అడిగావు. కోస్తున్నామక్కా. గాయం మానడం చూడాలంటే ముందు గాయం చేయాలి. మత్తిచ్చి, వీపు మీద బొచ్చు గీసి, చర్మం గుండ్రంగా కోసి తీస్తాం. సగం ఎలుకలకు పసరు కలిపిన లేపనం, సగానికి ఉత్త లేపనం. రంగూ వాసనా ఒకటే. ఏ సీసాలో ఏముందో పూసే నాకు తెలియకూడదు. తెలిస్తే మానని గాయం కూడా నా కళ్లకు మానినట్టే కనిపిస్తుంది. సీసాలకు గుర్తులు వేసే లెక్కల మేడం ఒక్కదానికే తెలుసు.

ఇక, నువ్వు భయపడతావని దాచిన సంగతి.

మా పని గురించి పేపర్లో నాలుగు ముక్కలు పడ్డాయి. అది చదివి ఒక వెల్డరు ఇనపరాడ్డుతో నా గదిలోకి వచ్చాడు. భార్య పాదం పుండుపట్టి కుళ్లుతోందట, కాలు తీసేయాలన్నారట. "మందివ్వమ్మా" అన్నాడు, మర్యాదగానే. మనుషులకు ఇంకా వాడలేదన్నాను.

"ఎలుకపాటి చెయ్యదా నా పెళ్లాం?"

అలమర అద్దాలు పగిలాయి. ఒక పంజరం కిందపడింది. బయటికొచ్చిన ఎలుక అతని బూటు కింద నలిగింది.

"వీటిలో అసలుదేది?"

"నాకు తెలీదు."

"చేసేది నువ్వే, నీకు తెలీదా? ఎవరికి చెప్తావ్ కథలు?"

రాడ్డు నా కుడి మోచేతి కింద దిగింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. పడ్డచోట గాజు ఎడమ అరచేతిని చీల్చింది. ప్రాణభయంతో, ఆ నెత్తుటి చేత్తోనే ఏదో ఒక సీసా చూపించాను. చొక్కాలోపల దాచుకుని, దండం పెట్టి వెళ్లాడు.

ఆస్పత్రిలో కట్టు కడుతుండగానే లెక్కల మేడంకి ఫోన్ చేసి, ఆ సీసాలో ఏముందని అడిగాను. "గుర్తులు రెండే. ఒకటి చెప్తే మిగతావీ తెలిసిపోతాయి. ఇన్నాళ్ల పనీ మట్టిపాలే, ఆలోచించుకో" అంది. చెప్పమన్నాను.

ఉత్త లేపనం.

బావగారికి చెప్పకు, వెల్డింగు షాపుల్లో వాకబు చేసి నేను వాళ్లింటికి వెళ్లాను. పోలీసులుంటే తలుపు తీయడని ఒంటరిగానే వెళ్లాను. గుమ్మంలోకే కుళ్లు వాసన. మంచం మీద ఆమె, పాదం నిండా తెల్లగా నా లేపనం. అది మందు కాదని చెప్పాను. అతను నా మెడ పట్టి గోడకు అదిమాడు. కళ్లు చీకట్లు కమ్మాయి.

"చంపెయ్," అంది ఆమె మంచం మీంచి, తాపీగా. "నువ్వు జైలుకెళ్తే నన్ను ఆస్పత్రికి మీ అమ్మ మోసుకెళ్తుందిలే."

అతని చేతులు వదులయ్యాయి.

ఆస్పత్రిలో కాలు మోకాలి కింద తీసేశారు. ఆమె బతికింది. మా పని మళ్లీ మొదటికొచ్చింది. కొత్త ఎలుకలు, కొత్త కోతలు. నువ్వు అడక్కముందే చెప్తున్నా, నా చేతికి ఆ మందు పూసుకోలేదు.

నిన్న ఆమెను చూడబోతే, వార్డు బయట బల్ల మీద కూర్చుని అతను అడిగాడు: "ఆ రోజు అసలుది ఇచ్చుంటే కాలు దక్కేదా?"

"నాకు తెలీదు," అన్నాను.

మొదటిసారి ఈ మాటకే కొట్టాడు. ఈసారి పక్కకు జరిగి, బల్ల మీద నాకు చోటిచ్చాడు.

ఇట్లు,
పిండికట్టు ఇంకా విప్పని
నీ చెల్లెలు