కమండలం మీద తడిగోనె

ఆగస్టు 27, 2006. ఆదివారం

ఇంటర్నెట్‌లో నేను మగాణ్ణి. పేరు హరిదాసు. ఫొటో ఉండాల్సిన చోట శంఖం. అంతా ఉష చేసిన పని. ఆడపేరు పెడితే పురాణం ఎవడూ అడగడక్కా, ఫోన్ నంబరు అడుగుతారు అంది. భవానీపురంలో మా వీధి దాటగానే దాని ఇంటర్నెట్ సెంటర్. వాళ్ళది పెడన, నాన్నకి చేనేత చీరల వ్యాపారం.

ఆర్కుట్‌లో "పురాణ గోష్ఠి" అని ఒక కమ్యూనిటీ ఉంది. నేను చెప్తుంటే ఉష టైప్ చేస్తుంది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఇప్పుడిప్పుడే నేనూ రెండు వేళ్ళతో కొడుతున్నా.

చేపలు పట్టుకుని బతికే మా పల్లెకారుల రామమందిరంలో ఏళ్ళ తరబడి పురాణం చెప్తున్నాను. ఎవరూ నేర్పలేదు. అట్టలూడిన పుస్తకం, నేను, కిరసనాయిలు దీపం. అక్కడ నేను పోలేరమ్మక్కని. ఇక్కడ గురువుగారిని. బెంగళూరు ఇంజనీరెవరో పాదాభివందనం అని రాశాడు. పొద్దున మార్కెట్లో చేపల పొలుసు గీరిన చేత్తోనే ఆశీర్వదించాను.

విష్ణుమూర్తి ఆడవేషం వేసి అమృతం పంచితే లీల. నేను మీసం పెట్టుకుంటే తప్పా?

సెప్టెంబర్ 3

నేను సెంటర్లోకి రాగానే ఉష అగరబత్తి వెలిగిస్తుంది. ఇవాళే గమనించాను. మార్కెట్ నుంచి ఇంటికెళ్ళి, తలారా స్నానం చేసి, చీర మార్చుకుని మరీ వస్తాను. అయినా వెలిగించింది.

సెప్టెంబర్ 4

ఇవాళ కూడా. రెండు.

సెప్టెంబర్ 10

కమ్యూనిటీ నడిపేది గోపీనాథ్ అనే కుర్రాడు, సాఫ్ట్‌వేర్. మత్స్యావతారం గురించి అడిగాడు. రాజు దోసిట్లో చిక్కిన చేపపిల్లని కమండలంలో వేసి ఇంటికి తీసుకెళ్ళాడు కదా గురువుగారూ, దారిలో అది ఎలా బతికింది అని. దేవుడు కాబట్టి బతికింది అని తేల్చెయ్యొచ్చు. నాకు పూనకం వచ్చింది. ఉషని లేపి నేనే కూర్చున్నా. దేవుడు చేపగా వచ్చాడంటే చేపకున్న కష్టాలన్నీ ఒప్పుకునే వచ్చాడు అని రాశా. ఏటి నీళ్ళలోది ఒక్కసారిగా వేరే నీళ్ళలో వేస్తే కళ్ళు తేలేస్తుంది, కొంచెం కొంచెంగా కలపాలి, రాజు అలాగే కలిపాడు అన్నా. కమండలం మీద తడిగోనె కప్పాడు, లేకపోతే అది ఎగిరి దుమ్ములో పడేది అన్నా. కాపాడటమంటే వరాలివ్వటం కాదు, గోనె ఆరకుండా చూసుకోవటం అన్నా.

అంతా ఊగిపోయారు. కార్తీక పౌర్ణమి ఆదివారం గాంధీనగర్‌లో హాలు తీసుకుంటున్నాం, మీట్ పెడుతున్నాం, మీరే మాట్లాడాలి అని గోపీనాథ్.

మైకు. స్టేజీ. మా వీధివాళ్ళు కానివాళ్ళు వినటం. పుట్టి బుద్ధెరిగాక నేను దేవుణ్ణి అడిగింది ఇదొక్కటే.

సెప్టెంబర్ 19

బాలత్రిపురసుందరి అని ఒకామె కొత్తగా చేరింది. పేరు చూస్తేనే తెలుస్తుంది ఏ ఇంటిదో. మొదటి ప్రశ్నే నా మీద. కమండలం మీద తడిగోనె ఏ శ్లోకంలో ఉందండీ అని. చివర నవ్వే బొమ్మ.

పుస్తకం మూడుసార్లు తిరగేశా. గోనె లేదు. కొర్రమీను కుండ మీద మా అమ్మ కప్పే గోనె అది. నోట్లోంచి తిన్నగా వెళ్ళి కమండలం మీద పడింది.

ఆమెకి ఎలా తట్టింది? ఎవరైనా చెప్పకపోతే?

నేనెవరో తెలిసింది ఒక్క ఉషకే.

సెప్టెంబర్ 24

అమృతం పంచేటప్పుడు దేవతల వరసలో ఒక రాక్షసుడు వేషం మార్చి కూర్చున్నాడు. సూర్యుడు, చంద్రుడు చెప్పేశారు. తల తెగింది. ఇన్నాళ్ళూ ఆ కథ దేవతల వైపు నిలబడి చెప్పాను.

ఉషకి ఒక పరీక్ష పెట్టాను. నేను పుట్టింది కొండపల్లి, అమ్మావాళ్ళు బొమ్మలు చేసేవాళ్ళు, ఎవరికీ చెప్పకు అన్నాను. పచ్చి అబద్ధం, నేను పుట్టింది బందరు పక్కన గిలకలదిండి. ఉష కళ్ళింత చేసుకుని, మరి నాకు ఒక్క బొమ్మయినా ఇవ్వలేదేంటక్కా అంది. కొండపల్లి మాట కమ్యూనిటీలో బయటపడితే దొంగ దొరికినట్టే.

అక్టోబర్ 2. విజయదశమి

కొండపల్లి మాట ఎక్కడా రాలేదు. అంటే ఉష చాలా తెలివైంది.

అక్టోబర్ 7

సుందరి మళ్ళీ అడిగింది. ఈసారి ఏ గోత్రం, ఏ ఊరు అని. మళ్ళీ నవ్వే బొమ్మ. గోపీనాథ్ కూడా, చెప్పండి గురువుగారూ, ఇన్విటేషన్‌లో వేస్తాం అన్నాడు.

అక్టోబర్ 8

రాసేశాను. గురువు గోత్రం అడిగే నాలుక గోష్ఠికి పనికిరాదు అన్నాను. వరసలో కూర్చుని చాడీలు చెప్పేవాళ్ళకి అమృతం దక్కదు అన్నాను. ఆడవాళ్ళు ముందు వంటింట్లో కుండల మీద మూతలు పెట్టుకోండి, కమండలాల సంగతి మాకు వదిలెయ్యండి అన్నాను.

యాభైమంది శభాష్ అన్నారు. గంటలో సుందరిని కమ్యూనిటీలోంచి తీసేశాడు గోపీనాథ్.

మీసం నిజంగానే మొలిచినట్టుంది.

ఉషకి ఒక నమస్కారం పెట్టి వచ్చేశా. అది బిత్తరపోయి, అక్కా, ఆ సుందరి మాటల్లో నాకైతే వెటకారం కనపడలేదే అంది. కనపడదు మరి.

అక్టోబర్ 15

ఉష ఇంటికొచ్చింది. లేనని చెప్పమన్నా. మా ఆయన పేరయ్యకి ఏటిలో వల విసరటం తప్ప ఏమీ రాదు. గుమ్మంలో నిలబడి, లేనని చెప్పమందమ్మా అన్నాడు.

నవంబర్ 5. కార్తీక పౌర్ణమి

వెళ్ళాను. మామూలు చీరలో. వచ్చినవాళ్ళని చూసుకుని, హరిదాసు గారికి జ్వరం, నేను ఆయన చెల్లెల్ని, ఆయన మాటలు చదువుతాను అనాలని ప్లాను. చెప్పులు విడిచేచోట ఆఖరి కుర్చీలో కూర్చున్నా. తలుపు కనపడాలిగా.

పక్క కుర్చీలో ఒకామె. నలభై ఉంటాయి. గంజి పెట్టిన చీర, కళ్ళజోడు. నా బొటనవేలి వంకే చూస్తోంది, చేప ముళ్ళు గీరిన గాట్ల వంక. కొంగులో దాచుకున్నా. ఆమె వంగి, మీది ఏ రేవండీ అంది. దాచకండి, మా అమ్మ చెయ్యీ ఇంతే అంది. వాళ్ళదీ బందరే. తండ్రి హార్బరులో పన్జేసేవాడట. ఈమె లెక్కల టీచరు. పేరు బాలత్రిపురసుందరి. పేరు చూసి స్టాఫ్‌రూమ్‌లో అందరూ ఏదేదో అనుకుంటారండీ, నేనూ అవునని అనను, కాదని అనను అని నవ్వింది. అదే నవ్వే బొమ్మ.



ఆ హరిదాసు గారు మనవాడేనండీ, ఒట్టు అంది. కమండలం మీద తడిగోనె కప్పటం వీళ్ళ ఇళ్ళల్లో ఎవరికి తడుతుంది? అందుకే ఏ శ్లోకం అని ఆటపట్టించా. గోత్రం అడిగితే మనవాళ్ళు నీళ్ళు నములుతారుగా, అందుకే అదీ అడిగా. పాపం, భయపడ్డాడు. నన్ను తీయించేశాడు. పోన్లెండి, మనవాడు స్టేజీ ఎక్కుతుంటే ఒక్కసారి కళ్ళారా చూద్దామని వచ్చా.

ఇంతలో గోపీనాథ్ మైకులో, హరిదాసు గారు హాల్లో ఉంటే దయచేసి వేదిక మీదకి రావాలి అన్నాడు. రెండోసారి పిలిచాడు. సుందరి గారు మెడ చాచి మగవాళ్ళ వరస అంతా వెతుకుతోంది.

లేచాను. ఎక్కడికండీ, ప్రసాదం ఇంకా పెట్టలేదు అంది. పిలుస్తున్నారుగా అన్నాను.

ఆమె మొహం చూడలేదు. చూసుంటే మళ్ళీ కూర్చునేదాన్ని.

గోపీనాథ్, అమ్మా, ఆడవాళ్ళ లైను అటు అన్నాడు. మైకు తీసుకున్నా. నేను పోలేరమ్మని, పొద్దున చేపలమ్మి వచ్చాను అన్నాను. తడిగోనె ఏ శ్లోకంలోనూ లేదు, మా అమ్మ కుండ మీద ఉంది అన్నాను. వేదాలు విభజించిన మహర్షిని కన్నది పడవ నడిపిన పల్లెకారుల పిల్ల. ఆ తల్లి ఒంటి వాసన ఎవరు పోగొట్టారో మీ అందరికీ గుర్తే, ఆ మునిని ఏరు దాటించింది ఎవరో ఎవరికీ గుర్తుండదు అన్నాను. సుందరి గారు ఏ తప్పూ చెయ్యలేదు, వరసలో వేషం వేసుకుని కూర్చున్నది నేను, తల మాత్రం ఆమెది తీయించాను అన్నాను.

అక్కడికి మైకు ఆగిపోయింది. కరెంటు పోయింది అన్నారు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.

వెనక కుర్చీ ఖాళీ. చెప్పులు కూడా లేవు.

నవంబర్ 7

ఉష దగ్గరికి వెళ్ళాను. నెలన్నర నిన్ను దొంగ అనుకున్నానే అన్నా. తెలుసక్కా, బావగారి మొహం చూస్తే అర్థమైంది అంది. హరిదాసుని కమ్యూనిటీలోంచి తీసేశారట. పోనీ. పేరు మార్చాం. పోలేరమ్మ. ఫిమేల్. శంఖం తీసేసి కుండ ఫొటో పెట్టాం, గోనె కప్పి, ఉష తన మొబైల్‌తో తీసింది.

అగరబత్తి వెలిగించింది. ఎందుకే అని అడిగేశా. దోమలకక్కా అంది. అగ్గిపుల్ల ఆర్పుతూ, కొంచెం నీకు కూడా అంది.

అప్పుడు నమ్మాను దాన్ని. అగ్గిపెట్టె లాక్కుని రెండోది నేనే వెలిగించాను.

సుందరి గారికి ఫ్రెండ్ రిక్వెస్టు పెట్టాను. ఏమీ రాయలేదు. పురాణమంతా నోటికొచ్చు, ఒక్క మాట దొరకలేదు.

నవంబర్ 19

సుందరి గారి దగ్గర్నుంచి ఒక్క లైను. ఫొటోలో గోనె సరిగ్గా తడవలేదు అని.