గుమ్మం బయటి మాట

జూన్ 3

నాన్నకు మాట పోయింది. స్ట్రోక్ వచ్చిన దగ్గర్నుంచీ నోట్లోంచి ఒక్కటే వస్తోంది. బ్లడీ. నర్సుని చూసి బ్లడీ, నన్ను చూసి బ్లడీ. ఆకలి, అలక, పిలుపు అన్నీ అదే. అమ్మ తల దించుకుని కూర్చుంటోంది.

జూన్ 4, ఉదయం

స్పీచ్ థెరపిస్ట్ కంగారు పడొద్దంది. మెదడులో తిట్లు మామూలు మాటలున్న చోట ఉండవట, అందుకే మిగిలాయట. ఇంట్లోవాళ్లు ఆయనతో కలిసి ఆ మాటే అంటూ ఉంటే దాని వెనకే వేరే మాటలు రావచ్చట. ఎప్పుడూ పక్కనుండేది అమ్మే కాబట్టి అమ్మే అనాలట.

అమ్మ చస్తే అననంది.

జూన్ 6

నాన్న లారీ మెకానిక్. ఆ మాట షెడ్డులో ఫోర్‌మన్ దగ్గర అబ్బింది. మొరాయించిన బోల్టు బ్లడీ, చక్కగా తిరిగిన ఇంజనూ బ్లడీనే. పెళ్లయిన కొత్తలోనే అమ్మ తేల్చి చెప్పేసిందట, చెప్పులతో పాటు దాన్ని కూడా బయటే వదిలి రమ్మని. సాయంత్రం గుమ్మం బయట నిలబడి, ఆ రోజు మిగిలిపోయిన బ్లడీలన్నీ గబగబా అనేసి, నోరు తుడుచుకుని లోపలికొచ్చేవారు. కిటికీలోంచి చూస్తూ నేను పగలబడి నవ్వేదాన్ని. ఎంత బాగుండేవో ఆ సాయంత్రాలు! ఒళ్లంతా గ్రీజు వాసన వేసే ఆ మనిషి కావాలి నాకు.

జూన్ 9

లైబ్రరీలో డిక్షనరీలు తిరగేసి, రాసుకొచ్చి అమ్మకి వినిపించాను. ఇంగ్లండులో మొదట్లో ఆ మాటలో తప్పే లేదు. 'చాలా' అనడానికి బదులు మర్యాదస్తులు కూడా వాడేవాళ్లు. కూలీనాలీ నోట పడ్డాకే పెద్దమనుషులు ముక్కు మూసుకున్నారు, అచ్చులో మొదటి అక్షరం వేసి పక్కన గీత గీశారు. 'బై అవర్ లేడీ' అని మేరీమాత మీద పెట్టిన ఒట్టులోంచి పుట్టిందని కొందరంటారు గానీ పండితులు ఒప్పుకోరు. తాగి అల్లరి చేసే జమీందార్ల కుర్రాళ్లని 'బ్లడ్స్' అనేవాళ్లు, వాళ్ల వల్ల వచ్చిందని ఇంకో ఊహ. అసలు సంగతి ఎవరికీ తెలీదు.

అమ్మ అంతా విని, అయితే పాపం మంచింట్లో పుట్టి చెడ్డపేరు తెచ్చుకుందన్నమాట, అంది. అయినా తను మాత్రం అనదట.

జూన్ 10

అనలేదు. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నారు. భయంగా ఉంది.

జూన్ 14, మధ్యాహ్నం

అంది! తలుపులేసి, కిటికీలేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ అంది. నాన్న కళ్లు ఇంతింతయ్యాయి. వేలెత్తి గుమ్మం చూపించారు. పెదాలు కూడదీసుకుని, బయట, అన్నారు.

అమ్మ నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడింది. ఏడ్చింది నేను.

జూన్ 20

టీలో చక్కెర తక్కువైందట. నాన్నే అన్నారు.

ఆ కప్పు అమ్మ కడగనివ్వడం లేదు.