కొత్త కోడలి కుర్చీ

పెద్దాడి అమ్మకి, నేను బాగున్నాను, నడుము కూడా.

రాజుగారి కొత్త కోడలికి కుర్చీ చేశాను. నాలాంటి వడ్రంగి ఈ కోటలో లేడు. "నా కుర్చీ కంటే జానెడు తక్కువుండాలి" అని అత్తగారు రాణమ్మ హుకుం. భోజనాల దగ్గర పాపం ఆ పిల్ల గడ్డం బల్లకి ఆనింది. మామగారు చూసి, "నా కుర్చీ కాళ్లూ అంతే కొయ్యవోయ్" అన్నాడు. బంగారంలాంటి కలప, కోశాను. మర్నాడు రాణమ్మే వచ్చి, "వాళ్లిద్దరూ కింద కబుర్లాడుకుంటున్నారు, నాదీ కొయ్యి" అంది. ఇప్పుడు బల్ల కాళ్లు కోస్తున్నాను.

పెరటి తలుపు బిగుసుకుపోతే బాదకండి, నేనొచ్చి చూస్తా.

నీ ముందు కూర్చోడానికి భయపడే మన కోడలు ఈ కార్డు నిలబడే నీకు చదివి వినిపించుంటుంది. నీ పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చదివించుకో. ఇద్దరికీ దీవెనలు.